మంచుకొండ అంచున మోడు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, కాశ్మీరులో మిలిటరీ పని చేస్తున్న మా ఆయన జమ్మలమడుగుకు ఉత్తరంతో పాటు ఒక ఫోటో పంపించాడు. నాకు అచ్చు అక్షరాలే గానీ చేతిరాత చదవడం రాదు. చదివిపెట్టే అయ్యవారు సాయంత్రం గానీ రాడు.

ఫోటో నిండా మంచుకొండ, ఒక అంచున నల్లటి మోడు. అది తీసేస్తే కొండ నడుమకొచ్చి అందంగా ఉంటుందని, ఆ అంచు కత్తిరించి పారేసి, మిగతాది పటం కట్టి గోడకు తగిలించాను.

సాయంత్రం అయ్యవారు చదివాడు: "ఫోటోలో అంచున కంబళి కప్పుకొని నిలబడింది నేనే."

 ఆయనను చూసి రెండేళ్లయింది. పెంటదిబ్బంతా తిరగేసినా ఆ ముక్క దొరకలేదు. ఏడుస్తూ వస్తే మా అత్త గడప మీద కూర్చొని ఉంది.

"ఏం మే, యాడ దేవులాడతాండావు?" అంటూ వక్కాకు తిత్తిలో నుంచి ఆ ఫోటో ముక్క తీసింది. "వాడు చిన్నప్పటి నుంచీ అట్లే ఒక పక్కకు ఒరిగి నిలబడతాడు. నీకు కొండ కావాల, నాకు కొడుకు కావాల అని దాచిపెట్టుకుంటి. మొగుడు నీకు మోడు మాదిరి కనపడెనా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. మైదా ఉడికించి ముక్కను అతికించాను.

సెలవులో వచ్చిన మా ఆయన ఆ అతుకు చూసి ఏమిటని అడిగితే, "ఆడ మంచు పగిలినట్టుందిలే నాయనా" అనింది మా అత్త. ఇది చదివితేనే ఆయనకు అసలు సంగతి తెలుస్తుంది.