విరగని బోల్టు

మా తాతగారు ఒకరి గడప తొక్కి ఏదీ అడిగి ఎరగరు. పొలాలూ మిల్లూ పోయాక కూడా ఆ పంతం మాత్రం మా ఇంట్లో మిగిలింది. సముద్రాలు దాటి, భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న డునెడిన్ ఊళ్ళో కొండమీది ఇంటిదాకా నేను దాన్ని మోసుకొచ్చాను.

మొదటి శీతాకాలం, మంచులో దిగబడ్డ మా కారును పక్కింటి ముసలాయన అడక్కుండానే వచ్చి తోశాడు. నాకది మింగుడుపడలేదు. మరుసటి ఏడు, ముందు భాగాన మంచు ఎగజిమ్మే యంత్రం తగిలించిన పాత గార్డెన్ ట్రాక్టర్ కొన్నాను. ముసలాయన చూడ్డానికి వచ్చి, గుప్పెడు సన్నటి బోల్టులు నా చేతిలో పోశాడు.

"బ్లేడుకి ఇవే వెయ్యి మేట్. ఇవి విరగడానికే ఉన్నాయి."

పరాచికమనుకున్నాను. విరిగేదాన్ని ఎవరైనా బిగిస్తారా? వాటిని డబ్బాలో పడేసి, లావుపాటి ఉక్కు బోల్టు వేశాను.

జూలై ఇక్కడ నడిశీతాకాలం. ఒకరోజు మధ్యాహ్నానికల్లా డ్రైవ్‌వే నిండా పిక్కలలోతు మంచు. మా ఆవిడ నర్సు, మూడింటికి డ్యూటీ. తను వెళ్తేగాని పొద్దుటి డ్యూటీలో ఉన్న నర్సు పిల్ల వార్డు వదలకూడదు. ఆ పిల్ల బిడ్డ ఉన్న క్రెచ్ మంచువల్ల ఆరోజు పెందలాడే మూసేస్తున్నారు.

సీటులో నిటారుగా కూర్చుని మొదలుపెట్టాను. మంచు తుంపరగా లేచి పక్కన పడుతోంది. సగం దూరం వెళ్ళాక, మంచుకింది గట్టురాయి బ్లేడుకి తగిలింది. బోల్టు విరగలేదు. దెబ్బంతా లోపలికి పోయి గేర్‌బాక్సు పగిలి, నల్లటి నూనె మంచుమీద కారింది.

"ఏవండీ, పక్కింటి అంకుల్‌ని అడగండి," అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"అక్కర్లేదు. పారతో తీస్తా."

"గంట పడుతుంది. ఆ పిల్ల ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. మీ తాతగారు ఏమనుకుంటారోననా? ఆయన మా వార్డుకి రారులెండి!"

అంటూనే బూట్లు తొడుక్కుంటోంది, తనే పక్కింటికి వెళ్దామని.

"ఆగు," అన్నాను.

ముసలాయన తలుపు తీశాక, ఎలా అడగాలో ఏ భాషలోనూ తోచలేదు. "కొంచెం సాయం కావాలి," అన్నాను చివరికి. ఆయన ఏమిటని కూడా అడగలేదు. పార అందుకున్నాడు.

ఇద్దరం ట్రాక్టర్‌ని పక్కకి తోసి, నడుములు వంచి, చక్రాలు పట్టేంత వెడల్పున రెండు చాళ్ళు తీశాం. మా ఆవిడ కారు రోడ్డెక్కింది. పది నిమిషాలు ఆలస్యంగా చేరిందట. అయినా క్రెచ్ మూసేలోపు ఆ పిల్ల బిడ్డను అందుకుంది.

కారు కనుమరుగయ్యాక ముసలాయన ట్రాక్టర్ ముందు వంగి, నా లావు బోల్టుని వేలితో తట్టాడు. ఎత్తిపొడుస్తాడని ఎదురుచూశాను.

"గట్టి బోల్టే. మొదటి ఏడు నేనూ ఇలాంటిదే వేశాను. పగిలిన నా గేర్‌బాక్సు ఇంకా షెడ్డులోనే ఉంది, చూస్తావా?"

వెళ్ళి చూశాను. నాదానికంటే ఘోరంగా పగిలింది.

గేర్‌బాక్సు మార్పించాక సన్నటి బోల్టులే వేశాను. ఆ శీతాకాలంలో మూడు విరిగాయి. డబ్బాలో ఇంకా ఉన్నా, నాలుగోదాని కోసం ఆయన తలుపు తట్టాను.