కేశవులు సార్ కట్టించిన గంపల గట్టు

నిన్న పొద్దున వాట్సాప్ గ్రూప్‌లో కేశవులు సార్ ఫోటో వచ్చింది.

పుట్టినరోజేమో అనుకున్నాను.

అద్దాలు పెట్టుకుని చూస్తే ఫోటోకు దండ ఉంది.

చేతిలో చాయ్ చల్లారిపోయింది.

నాకు రాయడం రాదు. అయినా రాస్తున్నా.

సార్ ఆర్కిటెక్ట్. బొంబాయిలో పని నేర్చుకుని మన నల్లగొండ జిల్లాకే తిరిగొచ్చాడు. మా ఊరి దవాఖాన, లైబ్రరీ, బస్టాండు ఆయన గీసినవే. గోపురాల్లేవు, కమాన్లు లేవు. ఉత్త సిమెంటు, నీడ, గాలి.

బస్టాండు గీసే ముందు సార్ టేపు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. కూరగాయల గంపతో వస్తున్న మా అమ్మను ఆపి, నెత్తి దాకా ఎత్తు కొలిచాడు.

"ఏం సారూ, పిల్లను చూడొచ్చినవా? నాకు నలుగురు పిల్లలున్నరు!" అంది అమ్మ.

సార్ సిగ్గుపడ్డాడు.

ఆ ఎత్తుకే బస్టాండు గోడ పొడవునా గట్టు కట్టించాడు. నెత్తి మీది గంపను దాని మీదికి జరిపితే చాలు. దించమని ఎవరినీ బతిమాలే పని లేదు.

రాష్ట్రం వచ్చాక అన్నీ కొత్తవి కావాలన్నారు. దవాఖాన పోయింది. లైబ్రరీ పోయింది. పోయినేడు బస్టాండు వంతు.

సార్ కర్ర పట్టుకుని వచ్చాడు.

"గా గట్టు గోడ ఒక్కటి ఉంచు బిడ్డా. గిది నేను గీసిన" అని కాంట్రాక్టర్‌ను అడిగాడు.

"గిండ్ల గీసుడేమున్నది తాతా? అగ్గిపెట్టె లెక్కుంది!"

అందరూ నవ్వారు. గట్టు గోడ కూడా కూల్చేశారు.

నిన్న ఆ జాగాలోనే ఫ్లెక్సీ కట్టారు. "జిల్లా గర్వించే బిడ్డ" అట. సార్ ఫోటో వెనకాల కొత్త బస్టాండు బొమ్మ. కమాన్లతో సహా.

మధ్యాహ్నం సార్‌ను తీసుకుపోతూ అక్కడ కాసేపు ఆపారు. మైకుల్లో మాట్లాడేవాళ్లకు టెంటు. జనానికి ఎండ.

సీతాఫలాల గంపతో ఒక ముసలామె ఆగింది. దండం పెట్టాలని ఆమెకు. గంప దించే జాగా లేదు. ఇటు చూసింది, అటు చూసింది.

"ఎవలన్న జర చెయ్యేయుండ్రయ్యా..."

మైకు మోతలో ఎవరికీ వినబడలేదు. నేను పోయి దించాను.

ఆమె దండం పెట్టి, "ఎవలయ్యా గీయన?" అంది.

"పాత బస్టాండుల గంపల గట్టు కట్టించిన సారు" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి, మళ్లీ దండం పెట్టింది.

పోయి రండి సార్.

ఎవరూ కూల్చని చోట నిమ్మళంగా ఉండండి.