పిచ్చుక గీసిన తిట్లు

కత్తెరమ్మకు మాట పడిపోయిన తరువాత పిచ్చుక కొత్త బొమ్మ ఒక్కటి కూడా వేయలేదు.

ఆ వీధిలో వాళ్ళిద్దరి అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. బట్టలు కుట్టి బతికే మేనత్తకు వీధి పెట్టిన పేరు కత్తెరమ్మ. తల్లి పోయి ఆ ఇంటికి వచ్చిన మేనకోడలు పళ్ళెంలో మెతుకులు ఏరుకుని తినడం చూసి, మేనత్తే ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది. నలభై దాటి, జుట్టు నెరిసి, పిల్లల పుస్తకాల అట్టల మీద చిత్రకారిణిగా అసలు పేరు అచ్చయినా, ఇంట్లో మాత్రం ఆమె పిచ్చుకగానే మిగిలింది.

ఇల్లంటే రెండు గదులు. వీధివైపు గదిలో కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల, గోడకు వరుసగా వేలాడే కొత్త చొక్కాలు; వెనక గదిలో పొయ్యి, రెండు మంచాలు, కిటికీ గట్టు మీద రంగుల సీసాలు. ఆ గదులను చూసినవారు పిచ్చుక బొమ్మలను ఊహించలేరు. ఆ బొమ్మలను చూసినవారు ఈ గదులను ఊహించలేరు. ఒక బొమ్మలో కొండంత చెవి ఉంటుంది. దాని లోపల మెట్లు, కిటికీలు, పొగగొట్టంతో సహా ఒక ఇల్లు. కిటికీలోంచి ఒకావిడ నడుము దాకా బయటికి వంగి అరుస్తూ ఉంటుంది. మరొక బొమ్మలో ఒక పిల్ల కోటు గుండీలు విప్పుకుని నిలబడితే, పక్కటెముకల వంతెనల మీద రైళ్ళు పొగలు కక్కుతూ పోతుంటాయి. ఇంకొకదానిలో ఒక జంతువు తన తోక చివర దీపంలా వెలుగుతున్న ప్రాణాన్ని వెనక్కి తిరిగి దిగులుగా చూసుకుంటుంది.

"ఇలాంటి ఊహలు నీకెలా వస్తాయమ్మా?" అని అందరూ ఆశ్చర్యపోయేవారు.

పిచ్చుకకు తెలుసు. అవి ఊహలు కావు, తిట్లు.

కత్తెరమ్మ గుడ్డ కత్తిరించడంలో ఎంత పొదుపరో మాట వాడకంలో అంత దుబారా మనిషి. మిషను తొక్కుతూనే "చెవిలో ఇల్లు కట్టుకుని పోరకే!" అనేది. "నీకు రెండు జడలు వేసేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది" అనేది. చొక్కా కోసం నాలుగోసారి తిరిగిన గుమాస్తాను కూడా వదిలేది కాదు.

"ఇవాళ తప్పకుండా ఇస్తానన్నావుగా అక్కా?"

"అన్నాను నాయనా, కాదన్నానా? నువ్వు సందు మలుపు తిరుగుతుంటేనే నా గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. రేపు రా."

"ఈ రేపు కూడా నిన్నటి రేపులాంటిదేనా?"

"కాదు, దీనికి చేతులు కూడా కుట్టేశాను. గుండీలే మిగిలాయి. వెళ్ళు!"

వ్యాకరణం వీటిని జాతీయాలంటుంది: విడివిడిగా పదాలకు ఒక అర్థం, కలిసి నిలబడినప్పుడు వేరొక అర్థం. చిన్ననాటి పిచ్చుకకు ఆ భేదం తెలియదు. పెద్దవాళ్ళు అన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మేది. "కాళ్ళకు బలపం కట్టుకుని ఎక్కడ తిరుగుతున్నావే?" అని అత్త ఒక సాయంత్రం కోప్పడితే, మరునాడు నిజంగానే పలక మీద రాసే బలపాన్ని రెండు ముక్కలు చేసి, దారంతో మడమలకు కట్టుకుని, గదంతా తిరిగింది. నేల మీద గీతలు పడ్డాయి. కొట్టడానికి కొలబద్ద ఎత్తిన కత్తెరమ్మ, ఆ గీతల్లో ఒకటి గుర్రంలా ఉండడం చూసి, చెయ్యి దించి, కుర్చీలో కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. పిచ్చుక వేసిన మొదటి బొమ్మ అది.

ఇంకొకసారి, కప్పు పగలగొట్టి తలవంచుకు నిలబడిన పిల్లతో, "చెప్పవేం? ఎందుకలా నీళ్ళు నములుతావ్?" అంది అత్త. పిల్ల వెళ్ళి నోటినిండా నీళ్ళు పోసుకుని, శ్రద్ధగా నమిలి, "ఎంత నమిలినా ముక్కలవడం లేదత్తా" అనబోయింది. నీళ్ళన్నీ ఎవరిదో పట్టుచొక్కా మీద పడ్డాయి. కత్తెరమ్మ ఆమె చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"ఒసేయ్ పిచ్చుకా! నీళ్ళు నమలడమంటే, చెప్పాల్సింది చెప్పకుండా నోట్లోనే తిప్పుకోవడమే! తెలిసిందా?"

చెవి రెండు రోజులు మండింది. ఆ ఒక్క తిట్టుకు మాత్రం పిచ్చుక ఏనాడూ బొమ్మ వేయలేదు. నీటికి ఆకారం ఉండదని సాకు చెప్పుకునేది.

అన్నిటిలోకీ పేరు తెచ్చిన బొమ్మ వేరే ఉంది. పొడవైన వీధి, ప్రతి గుమ్మంలో ఒక స్త్రీ, ప్రతి స్త్రీ కళ్ళలో ప్రమిదలో వెలిగినట్టు చిన్న వత్తి, వీధిలో నడిచే మనిషి ఒక్కడూ లేడు. పనికోసమని ఊరు దాటిన కత్తెరమ్మ భర్త తిరిగి రాలేదు. ఆ సంగతి ఆమె ఒకే ఒక్కసారి ఎత్తింది. "కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నానే ఇన్నాళ్ళూ. వత్తులే కాలిపోయాయి" అని, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

గ్రంథాలయం హాలులో పిచ్చుక బొమ్మలను ప్రదర్శించిన రోజున ఆ బొమ్మను నడిమి గోడకు తగిలించారు. కత్తెరమ్మ గుండుసూదుల దిండు మణికట్టు నుంచి తీయడం కూడా మరచిపోయి, పనిలోంచి లేచి వచ్చి చివరి వరుసలో కూర్చుంది. కళాశాల నుంచి వచ్చిన అధ్యాపకుడొకరు లేచి, "మీ మీద ఎవరి ప్రభావం ఉందో చెప్పండి" అని అడిగారు. ముందు వరుసల్లో ఇస్త్రీ మడత నలగని మనుషులు. ఈ బొమ్మలన్నీ కుట్టుమిషను పక్కన తిన్న తిట్లని చెబితే వాళ్ళు నవ్వుతారని పిచ్చుకకు అనిపించింది.

"ఎవరి ప్రభావమూ లేదండీ. అన్నీ నా కలలే."

చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చే దారిలో కత్తెరమ్మ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తలుపు తాళం తీస్తూ మాత్రం, "మంచి మంచి కలలే కంటావే నువ్వు" అంది.

క్షమించమని అడగడానికి పిచ్చుక సమయం వెతుక్కుంటుండగానే ఆ వారం గడిచింది. ఒక ఉదయం మిషను చప్పుడు ఆగకుండా వస్తుంటే వెళ్ళి చూసింది. కత్తెరమ్మ తల బల్ల మీద వాలి ఉంది. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. కుట్టు చొక్కా అంచు దాటి, గుడ్డ మధ్యలోకి వంకరగా పోయింది.

కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. "మనం అన్నది ఆవిడకు చాలావరకు అర్థమవుతూ ఉండవచ్చు" అన్నారు వైద్యురాలు. "కానీ మళ్ళీ ఇలాంటిది వస్తే తట్టుకోలేరు. చెప్పుకోవలసినవి ఉంటే చెప్పుకోండి."

పిచ్చుకకు చెప్పుకోవలసింది ఒక్కటే ఉంది. రోజూ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేది. "అత్తా, ఆ రోజు హాల్లో…" అని మొదలుపెట్టేది. ఆ కళ్ళు తన మీద నిలవగానే మాట మార్చేది. "ఆ రోజు హాల్లో… ఉక్కపోతగా ఉంది కదూ? కిటికీ తీయనా?" అని లేచిపోయేది.

అలా లేచిన ఒక మధ్యాహ్నం వెనకనుంచి మాట వినిపించింది.

"నీళ్ళు."

పిచ్చుక పరుగున వెళ్ళి, ముక్కు ఉన్న కప్పులో నీళ్ళు తెచ్చింది. కత్తెరమ్మ ముఖం తిప్పుకుంది. పొరుగావిడకు ఈ సంగతి చెబితే ఆమె మురిసిపోయి, "దాహం అడిగిందంటే ఇక ఫరవాలేదు. రేపోమాపో మళ్ళీ నిన్ను ఏకిపారేస్తుంది చూడు" అంది. కానీ మరునాడూ ఆ ఒక్క మాటే వచ్చింది, ఆ తరువాతా అంతే. పిచ్చుక ఏదో చెప్పబోయి ఆగినప్పుడల్లా "నీళ్ళు" అనేది. నీళ్ళు తెస్తే పెదవులు బిగించేది.

ఒక రోజు పిచ్చుక కప్పు ముందే నింపి, చేత్తో పట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఆ రోజు హాల్లో నేను… నీకు దుప్పటి కప్పనా?"

"నీళ్ళు."

వెంటనే కప్పును పెదవులకు ఆనించింది. నీళ్ళు గడ్డం మీదుగా మెడ కిందికి కారి దిండు తడిసింది. కత్తెరమ్మ ఎడమ చేత్తో కప్పును తోసేసింది. అది నేల మీద పడి దొర్లింది. పని చేయని పెదవులను ఆమె ఒకదానితో ఒకటి కలపడానికి తంటాలు పడుతోంది.

"నీళ్ళు… న… న…"

పిచ్చుక చూపు తడిసిన దిండు మీద పడింది. ఇన్ని రోజులుగా అత్త అడిగింది నీళ్ళు కాదు. నలభై దాటినా తాను ఆ మాటను మళ్ళీ ఉన్నదున్నట్టే నమ్మింది.

"నమలనత్తా," అంది. "ఇంక నమలను. ఆ కలలేవీ నావి కావు. ఆ చెవి నాది, అందులో ఇల్లు నీది. కిటికీలోంచి అరిచేది నువ్వే. వీధి నిండా కూర్చున్నది కూడా నువ్వే, ప్రతి గుమ్మంలోనూ. అందరి ముందూ నీ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. నిన్ను చూసి కాదు, వాళ్ళు నవ్వుతారేమోనని. తప్పు నాదే. తిట్టు. ఒక్క తిట్టు తిట్టత్తా."

కత్తెరమ్మ ఆమె వైపు తల తిప్పింది. పెదవులు విడివడ్డాయి, మాట రాలేదు. ఎడమ చెయ్యి మాత్రం దుప్పటి మీదనుంచి లేచి, పిచ్చుక చెంపను తడుముకుంటూ వెళ్ళి, చెవిని పట్టుకుంది, పట్టుకుని మెలిపెట్టింది.

ఆ వేళ్ళలో బలం లేదు. చెవి ఇసుమంతైనా నొప్పి పెట్టలేదు. నొప్పి పెట్టనందుకే పిచ్చుకకు ఏడుపు ఆగలేదు.