నాగమణి పాస్‌వర్డ్ నాకు తెలియదు

2009 వానాకాలం. భద్రాచలంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా నేను చేరి అప్పటికి ఆరేళ్లు. ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లుంటే పనిచేసేవి తొమ్మిది. చెప్పులు బయటే విడిచి రావాలి. ఎవరైనా మట్టికాళ్లతో లోపలికొస్తే నా గొంతు గోదావరి అవతలి ఒడ్డుకు వినబడేదని పిల్లలు వెనక నవ్వుకునేవారట. నవ్వుకోనీ, నా ల్యాబ్ మాత్రం అద్దంలా ఉండేది.

ఆ ల్యాబ్‌లో నేను అన్నిటికంటే మురిసిపోయే వస్తువు ఒక లాంగ్ నోట్‌బుక్. దానికి అట్టవేసి, పైన స్కెచ్ పెన్నుతో ‘పాస్‌వర్డ్ రిజిస్టర్’ అని రాశాను. పాస్‌వర్డ్ అంటే కంప్యూటర్‌లో మన గదికి మనం వేసుకునే తాళం, అది ఎవరికీ చెప్పకూడదు అని మొదటి క్లాసులోనే పాఠం చెప్పేదాన్ని. పాఠం అయిపోగానే అందరి పాస్‌వర్డ్‌లూ అడిగి రాసుకునేదాన్ని. ఏం చేయను మరి? అడవి ఊళ్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు. సెలవులకు ఇంటికెళ్లి వచ్చేసరికి పాస్‌వర్డ్ మరిచిపోయి, నా ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకునేవారు. రిజిస్టర్ తీసి చదివి చెప్తే వాళ్ల మొహాలు విప్పారేవి. అది మంచిపనే అనుకున్నాను.

నాగమణిది బూర్గంపాడు అవతల అడవిలోని ఒక కోయ గూడెం. తల్లిదండ్రులు లేరు. అన్న ముత్తయ్య బీడీలు చుట్టే తునికాకు కోసి, పొలం పనులకు పోయి ఆ పిల్లను చదివించాడు. డిగ్రీ అవగానే ఎంసీఏ ఎంట్రన్స్ రాసింది. మా కాలేజీ మొత్తంలో ఆమెకే మంచి ర్యాంకు. అప్పట్లో వెబ్ కౌన్సెలింగ్ మాకు కొత్త. ఏ కాలేజీ కావాలో వరసగా ఇంటర్నెట్‌లో నింపాలి, వాటిని వెబ్ ఆప్షన్లు అంటారు. పైన ఉన్నదానిలో సీటు దొరికితే అదే ఖాయం, కిందవాటిని ఇక చూడరు. నాగమణి మొదటి ఆప్షన్‌గా హైదరాబాద్‌లోని యూనివర్సిటీ పెట్టింది, నాలుగోది ఖమ్మంలోని కాలేజీ. ఆ కౌన్సెలింగ్ పాస్‌వర్డ్ కూడా మామూలుగానే నా రిజిస్టర్‌లోకి ఎక్కింది.

శనివారం సాయంత్రం ఐదుకు ఆప్షన్లు మూసేస్తారనగా గురువారం ముత్తయ్య వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, ఎప్పటిలాగే తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మేడం, చెల్లె పంపింది. ఖమ్మం కాలేజీ పైన పెట్టమన్నది.”

“నాగమణి రాలేదేం?”

“నాట్లకు పోయింది మేడం. నన్ను పొమ్మన్నది.”

ఒక్క మాట అడగలేదు నేను. కన్నతండ్రిలా పెంచినవాడు, అన్న, ఇంకేం కావాలి? రిజిస్టర్ తీశాను, లాగిన్ అయ్యాను, ఖమ్మాన్ని మొదటి స్థానంలోకి ఎక్కించాను. ఆడపిల్ల, దగ్గరగా ఉంటే మంచిదేలే అని మనసులో మెచ్చుకున్నాను కూడా. ఆ మెప్పే ఈరోజుకీ నన్ను గుచ్చుతుంది.

ఆ రాత్రి గోదావరి పొంగి బూర్గంపాడు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. శుక్రవారమంతా బస్సుల్లేవు. శనివారం మధ్యాహ్నం నీళ్లు తీశాక, మోకాళ్ల దాకా బురదతో నాగమణి వచ్చింది. వెనకే ముత్తయ్య. ఆఖరుగా ఒకసారి ఆప్షన్లు చూసుకుంటానంది. మట్టికాళ్లను నేను ఏమీ అనలేదు.

తెర మీద మొదటి వరస మీద ఆమె వేలు పెట్టింది.

“మేడం, గిదేంది? ఖమ్మం పైకెట్ల పోయింది?”

“నువ్వే కదమ్మా మార్చమన్నావు. మీ అన్న చెప్పాడు, నేనే మార్చాను.”

ఆమె తిరిగి చూసింది. ముత్తయ్య వరండాలో తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కోయభాషలో మాట్లాడుకున్నారు. హైదరాబాద్ అన్న మాట తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి నావైపు తిరిగాడు.

“తప్పయింది మేడం. పోయినేడు హాస్టల్ల దీనికి జరమొచ్చి దవాఖానాల పడితే మూడు దినాలు నాకు తెల్వలే. భద్రాచలంల ఉంటెనే గట్లయింది. హైదరాబాద్‌ల ఏమన్నయితే నాకెవరు చెప్తరు? నాకున్నది ఇదొక్కతే.”

అతన్ని తిడదామని లేచినదాన్ని, మళ్లీ కూర్చున్నాను. ఏమని తిట్టను? తాళం తీసిచ్చింది నేను. నమ్మకూడనివాడికి కూడా కాదు, ఆ పిల్లను ప్రాణంగా చూసుకునేవాడికే ఇచ్చాను. అందుకే అనుమానం రాలేదు. నాగమణి మాత్రం అన్న దగ్గరికి వెళ్లి, నాకూ వినబడాలనే కాబోలు, తెలుగులో అంది.

“అన్నా, నాకు జరమొస్తే నీకు ఫోన్ చేయిస్త. మన ఊరి దుకాణం నంబర్ నాకు నోటికొస్తది. కానీ యాడ చదవాల్నో నన్ను చెప్పనీయే.”

ముత్తయ్య కండువాతో మొహం తుడుచుకుని “అవ్” అన్నాడు. అంతే.

అప్పటికి మూడున్నర. సర్వర్ మీద అందరూ ఒక్కసారే పడ్డట్టున్నారు, పేజీ తెరుచుకోదే! నాలుగుంపావుకు తెరుచుకుంది. నాగమణే మౌస్ పట్టుకుని హైదరాబాద్‌ను పైకి తెచ్చింది. ఖమ్మాన్ని మాత్రం మళ్లీ నాలుగుకు పంపలేదు, రెండోది చేసింది. ఎందుకని నేను అడగలేదు.

“ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చు” అన్నాను. ఆమె అలవాటుగా నోరు తెరిచింది, చెప్పడానికి. “వద్దమ్మా, నాకు చెప్పకు” అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక కీబోర్డు టకటకలు విన్నాను. నా సర్వీసులో ఒక విద్యార్థి పాస్‌వర్డ్ పెట్టుకుంటుంటే నేను మొహం తిప్పుకోవడం అదే మొదలు.

సోమవారం రిజిస్టర్‌లోని ఒక్కో వరసనూ కత్తెరతో కత్తిరించి, ఎవరి ముక్క వాళ్లకిచ్చాను. మార్చుకోండి, నాకు చెప్పొద్దు అన్నాను. మరిచిపోయిన పిల్లల పక్కన కూర్చుని కొత్తది పెట్టించడానికి ఆ ఏడాది చాలా టైము పట్టింది. విసుక్కున్నాను కూడా. కానీ నోట్‌బుక్ మళ్లీ కొనలేదు.

నాగమణికి హైదరాబాద్‌లోనే సీటొచ్చింది. ఆమెను బస్సెక్కించి వస్తూ ముత్తయ్య ల్యాబ్‌కు వచ్చాడు. చెప్పులు విడిచి, ఈసారి లోపలికొచ్చి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను నీళ్లిచ్చాను.

“మేడం, అది మర్చిపోతదేమో. ఆ పాస్‌వర్డ్ ఏందో మీరన్న రాసిపెట్టుకున్నరా?”

“లేదు ముత్తయ్యా. నాకు తెలియదు.”

ఆరేళ్లలో ఆ గదిలో నేను తెలియదని చెప్పిన మొదటి మాట అది. ముత్తయ్య మెల్లగా నవ్వాడు.

“నాకు గూడ చెప్పలే మేడం. అడిగితే, ‘నువ్వు ఊకో అన్నా’ అన్నది.”