నాకు రావలసిన పది నిమిషాలు

మా కాలేజీలో పాఠం కానిదంతా నా పని. హాస్టలు గదిలో ఫ్యాను తిరగకపోయినా, మెస్‌లో సాంబారు నీళ్ళయినా, క్యాంటీను ముందు కుక్కలు చేరినా, బస్సు పంక్చరైనా ఫోను నాకే వస్తుంది. తలుపు మీది బోర్డులో నా హోదా 'క్యాంపస్ సర్వీసెస్ ఇన్‌చార్జి' అని ఉంటుంది. మా అత్తగారిని ఎవరైనా అడిగితే మాత్రం, "మా కోడలు కాలేజీలో అన్నీ చూసుద్ది" అని చెప్పేది. అంతకన్నా సరైన మాట నాకూ దొరకలేదు.

అలాంటి నా నెత్తిన ఒక ఏడాది ప్రాంతీయ సదస్సు వచ్చి పడింది. చుట్టుపక్కల కాలేజీల్లో నాలాగా హాస్టళ్ళూ మెస్సులూ బస్సులూ చూసుకునేవాళ్ళు ఏడాదికోసారి ఒకచోట చేరి కష్టసుఖాలు మాట్లాడుకోవాలని ఎవరికో పుట్టిన ఆలోచన అది. ఆ ఏడు నరసరావుపేటలో మా కాలేజీ వంతు. మామూలుగా అయితే తప్పించుకునే దారి చూసేదాన్ని. ఆసారి నాకే అవసరం పడింది.

ఈపూరు దాటి లోపలికి పోతే ఒక పల్లె ఉంది. అక్కడినుంచి వచ్చే ఒక అమ్మాయి అప్పుడు మా దగ్గర రెండో ఏడు చదువుతోంది. ల్యాబు ఉన్న రోజుల్లో ఐదున్నర దాకా వదలరు. కాలేజీ బస్సులేమో నాలుగున్నరకే కదిలిపోతాయి. ల్యాబు పిల్లల కోసం ఆరింటికి రెండో ట్రిప్పు ఉండాలి. కానీ ఆ రూటులో మిగిలేది ఐదారుగురు ఆడపిల్లలు. వాళ్ళ కోసం అంత బస్సు తిప్పడం డీజిలు దండగని మా ఆఫీసువాళ్ళ ఏడుపు. ఏదో ఒక వంక పెట్టి ఆ ట్రిప్పు ఎగ్గొట్టేవాళ్ళు. అప్పుడు పిల్లలు రోడ్డెక్కి, ఆటో దిగి ఆటో ఎక్కి, చీకటి పడ్డాక ఇళ్ళు చేరేవాళ్ళు.

ఇందులో నాకు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. సరిగ్గా ఆ ఆరింటికే వినుకొండ వైపు కాలేజీ బస్సు ఒకటి సగం సీట్లు ఖాళీగా మా గేటు ముందునుంచే అదే దారిన పోతుంది. చెయ్యెత్తితే ఆగేంత దగ్గరగా పోతుంది. కానీ ఒక కాలేజీ బస్సు ఇంకో కాలేజీ పిల్లను ఎక్కించుకోదు. ఆ మాట ఎక్కడా రాసి లేదు. ఎవరినడిగినా "అట్టా ఎక్కించుకోరండీ" అంటారే తప్ప ఎందుకో చెప్పరు. డ్రైవర్ల ఎండిపోయిన మొహాలు, ఖాళీ సీట్లు, గేటు దగ్గర పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. రోజూ ఇదే చూసి చూసి నాకు విసుగెత్తిపోయింది.

ఆ అమ్మాయి తండ్రి ఒకరోజు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మా, నిన్న మా పిల్ల ఇంటికొచ్చేతలికి దీపాలు పెట్టేసినారు. ఆటోలో అంతా మగోళ్ళేనంట. నాకు సదువు మీద కోపం లేదు. ఇంకొక్కసారి ఇట్టా జరిగిందంటే మాన్పిస్తాను. పిల్ల ఇంటికి రావాలి గదా" అన్నాడు. అరిచి అన్నా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అతను మామూలుగా చెప్పి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకని సదస్సు మాకే వచ్చిందనగానే ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి పోయాను. ఈ ప్రాంతంలో బస్సులు నడిపే ఇన్‌చార్జులంతా ఒకే హాల్లో కూర్చునేది ఆ ఒక్కరోజే. సాయంత్రం పూట ఏ కాలేజీ బస్సయినా ఏ కాలేజీ ఆడపిల్లనయినా ఎక్కించుకోవాలని వాళ్ళ చేత ఒప్పించాలి. నాకు పది నిమిషాలు మైకు ఇప్పించండి, చాలు అన్నాను. ఆయన మంచివాడు. కార్యక్రమం కాగితంలో పదకొండున్నరకు నా పేరు వేయించాడు.

ఆ రోజు రానే వచ్చింది. మాచర్ల నుంచీ గురజాల నుంచీ గుంటూరు వైపు నుంచీ, కృష్ణ అవతలి నుంచి కూడా జనం దిగారు. మా వృత్తివాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. టిఫిను దగ్గర ఒక్కరూ కుదురుగా తినలేదు. గిన్నెల మూతలెత్తి చూడడం, గరిటె తిప్పి చూడడం, వంటవాళ్ళను పప్పు లెక్కలు అడగడం. హాల్లో కూర్చున్నాక ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన "మోటారు ఆపావా లేదా" అని, ఇంకొకావిడ "సిలిండరు మార్చి చూడు, వాసనొస్తే నాకు చెప్పు" అని. అందరి ప్రాణాలూ వాళ్ళ వాళ్ళ కాలేజీల్లోనే ఉన్నాయి. వాళ్ళను అని ఏం లాభం, నా ఫోనూ మోగుతూనే ఉంది.

పది గంటలకు వేదిక మీదికి పిలవడం మొదలైంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. వాళ్ళు అయ్యాక, మేమేం తక్కువని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో ఒక్కొక్క కాలేజీ నుంచీ ఒక్కొక్కరు. కుర్చీలు చాలక మెస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాను. చివరికి కింద కూర్చున్నవాళ్ళ కన్నా పైన కూర్చున్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు. నా పక్కన కూర్చున్న నల్గొండ వైపు ఆయన, "మా దిక్కు గూడ గిట్లనే ఉంటది మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నాకు ఫికరు మరింత పెరిగింది.

ఆ తర్వాత శాలువాలు. ఒక్కొక్కరికీ శాలువా, పూలదండ, గాజుపెట్టెలో జ్ఞాపిక, ఫోటో. ఫోటో సరిగా రాలేదని ఫోటోగ్రాఫరు "సార్, ఇంకొక్కసారి" అంటే, కప్పిన శాలువా తీసి మళ్ళీ కప్పడం. కప్పించుకున్నాయన ఊరుకోడు, కప్పినాయనకు తిరిగి కప్పుతాడు. ఎండాకాలం ఎండ, ఏసీ లేని హాలు, వేదిక మీద అంతమంది శాలువాలు కప్పుకుని చెమటలు కక్కుతూ నవ్వుతున్నారు. పదకొండున్నర అయింది, పన్నెండున్నర అయింది. ప్రిన్సిపాల్‌గారు నావైపు చూసి, భోజనం తర్వాత అని సైగ చేశాడు. భోజనం తర్వాత మూడింటికన్నాడు. మూడింటికి ఎవరో ప్రముఖులు ఆలస్యంగా వచ్చారు. మళ్ళీ శాలువా.

మూడున్నర దాటాక పిలిచారు. "మేడంగారు రెండు నిమిషాల్లో తమ ప్రసంగాన్ని ముగిస్తారు" అని నా తరఫున ఎవరో మాట కూడా ఇచ్చేశారు. పళ్ళు నూరుకుంటూ మైకు దగ్గరికి పోతుంటే ప్రిన్సిపాల్‌గారు ముందుకు వంగి, "వేదిక మీద అందరి పేర్లూ చెప్పమ్మా. ఎవర్నీ వదలొద్దు, మళ్ళీ మాటొచ్చిద్ది" అన్నాడు. ఒకరి పేరు వదిలితే ఆయన సంవత్సరమంతా మొహం ముడుచుకుంటాడన్నది నిజమే. గౌరవనీయులైన అని మొదలుపెట్టాను. ఒక వరస అయ్యాక వెనక వరస, వెనక వరస అయ్యాక ప్లాస్టిక్ కుర్చీల వరస. ఆఖరి పేరు చెప్పేసరికి 'దయచేసి ముగించగలరు' అని చీటీ వచ్చింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చీటీ మడిచి పక్కన పెట్టి ఒకే ఒక్క మాట అన్నాను. "సాయంత్రం పూట ఏ కాలేజీ బస్సయినా సరే, రోడ్డు మీద నిలబడ్డ ఏ కాలేజీ ఆడపిల్లనయినా ఎక్కించుకోవాలి. ఒప్పుకుంటారా?" హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది వినుకొండ వైపు కాలేజీ రవాణా చూసే పెద్దమనిషి. మా గేటు ముందునుంచి పోయే ఆ ఖాళీ బస్సు ఆయనదే. పోన్లే, పేర్లు చదివించినా పని జరిగిందనుకుని కిందికి దిగాను.

వందన సమర్పణ, జాతీయ గీతం అయ్యాక అతిథులను కోటప్పకొండకు తీసుకుపోయారు. అది ముందే అనుకున్నదే, ఎవరు ఏ బండిలో పోవాలో నేనే ఏర్పాటు చేశాను. వాటితో సరిపోలేదని ఆఖరి నిమిషంలో ఇంకో బస్సు కూడా పంపారని నాకెవరూ చెప్పలేదు. ఆరింటికి గేటు దగ్గరికి వచ్చి చూస్తే ఐదారుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఈపూరు వైపు బస్సు లేదు. బస్సుల ఇన్‌చార్జులను ఎక్కించుకుని అది కొండెక్కింది. వాచ్‌మన్‌ను అడిగితే, "గెస్టులు గదమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఫోను చేతిలో పట్టుకుని, "మా నాన్నకి ఏం చెప్పాలి మేడం" అంది. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఉన్నవాళ్ళలో నేనే పెద్దదాన్ని కాబట్టి ఆ అరుపు నాలోనే ఉండిపోయింది.

అప్పుడే లోపలినుంచి ఒక వ్యాను బయటికి వస్తోంది. వినుకొండ వైపు కాలేజీది. కొండ తాను చిన్నప్పటినుంచీ చూస్తున్నదేనని ఆ పెద్దమనిషి ఉండిపోయి, మెస్‌లో టీ తాగి ఇంటికి బయల్దేరాడు. ముందు సీట్లో ఆయన, ఒళ్ళో శాలువా, జ్ఞాపిక. వెనకంతా ఖాళీ. పోయి అడ్డంగా నిలబడ్డాను.

"ఈ పిల్లల్ని ఈపూరు సెంటర్లో దించండి. మీరు పోయే దారే."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మా కాలేజీ పిల్లలు కారు గదండీ."

"మధ్యాహ్నం చప్పట్లు కొట్టారు గదా."

"చప్పట్లదేముందమ్మా, అందరూ కొడతారు. దారిలో ఏమన్నా అయితే నేనెవరికి చెప్పుకోవాలి? ఇది సదస్సుకి వేసిన బండి. డెలిగేట్లకి తప్ప పర్మిషన్ లేదు. ట్యాగు లేకపోతే మా డ్రైవరు ఎవర్నీ ఎక్కించుకోడు. మా రూలు."

ఆయన చెడ్డవాడు కాదని ఇప్పుడు తెలుసు. మా వృత్తిలో అందరం అంతే. ఏదైనా జరిగితే మొదట పిలిచేది మమ్మల్నే, అందుకని మెడలో ట్యాగు లేని మనిషిని మేం మనిషిగా చూడం. నేను కూడా హాస్టలు గేటు దగ్గర ఎంతమందిని అలా ఆపి ఉంటానో. కానీ ఆ క్షణంలో మాత్రం ఆయన ఒళ్ళో శాలువా లాగి రోడ్డు మీద పారేయాలనిపించింది.

పారేయలేదు. రిజిస్ట్రేషను బల్ల ఇంకా గేటు పక్కనే ఉంది. దాని కింద అట్టపెట్టెలో వస్తామని చెప్పి రానివాళ్ళ కోసం చేయించిన ట్యాగులు మిగిలిపోయి ఉన్నాయి. ఎర్ర రిబ్బను, ప్లాస్టిక్ కవరు, లోపల కార్డు మీద పెద్ద అక్షరాలతో 'డెలిగేట్'. చేతికందినన్ని తీసుకొచ్చి ఒక్కొక్క పిల్ల మెడలో వేశాను.

"ఇప్పుడు వీళ్ళు డెలిగేట్లు. ఎక్కించుకోండి" అన్నాను.

ఆయన ట్యాగుల వైపు చూశాడు. నావైపు చూశాడు. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. డ్రైవరును తలుపు తీయమని, శాలువా మడిచి పక్కన పెట్టి, "ఎక్కండమ్మా, జాగ్రత్తగా కూర్చోండి" అన్నాడు. రూలు ప్రకారం అన్నీ సరిపోయాక ఆయనకు ఇక ఇబ్బందేమీ లేకపోయింది.

ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోను మోగింది. ఆ అమ్మాయి తండ్రి. మాన్పిస్తానంటాడేమోనని పలకడానికే భయమేసింది.

"అమ్మా, పిల్లొచ్చింది. ఎలుగుండగానే వచ్చింది. సెంటర్లో నేను నిలబడుంటే ఎవరో పెద్దాయన వ్యాను దిగి, నీ పిల్లేనా అని అడిగి మరీ అప్పజెప్పి పోయినాడు. చానా మర్యాదస్తుడు" అన్నాడు. మళ్ళీ తనే, "మెడలో ఏందో బిళ్ళ ఏసుకుని వచ్చింది. ఎందుకే అంటే నవ్వుద్ది. అది ఉంటే రోజూ ఎక్కించుకుంటారా అమ్మా?" అని అడిగాడు.

ఎక్కించుకుంటారని చెప్పేశాను.

తర్వాతి ల్యాబు రోజున భయంభయంగానే గేటు దగ్గరికి పోయాను. పిల్లలు ఎర్ర రిబ్బన్లు వేసుకుని వరసగా నిలబడ్డారు. వినుకొండ వైపు బస్సు వచ్చింది. డ్రైవరు ట్యాగులు చూశాడు, బ్రేకు వేశాడు, తలుపు తీశాడు. ఒక్క మాట అడగలేదు. సదస్సు అయిపోయిందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు, ఆ పెద్దమనిషీ చెప్పలేదు. నేను గదికి పోయి అట్టపెట్టె మొత్తం బయటికి తీశాను. ముప్పాళ్ళ వైపు పోయే పిల్లలకు కొన్ని, నడికుడి దారిలో దిగేవాళ్ళకు కొన్ని ఇచ్చేశాను. ఎవరి రూటులో ఎవరి బస్సు ఖాళీగా పోతుందో నాకు తెలియనిదేముంది. ఆ బస్సులూ ఆగాయి.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఆఖరి ఏడు. ఆమె రిబ్బను రంగు వెలిసి, కార్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, అయినా బస్సు ఆగుతుంది. ఆ పది నిమిషాలు మాత్రం నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

మొన్న వినుకొండ వైపు పెద్దమనిషి ఫోను చేశాడు. ఈసారి సదస్సు వాళ్ళ కాలేజీలోనట. "మేడం, మీకు సన్మానం పెట్టుకున్నాం. మంచి శాలువా తెప్పిస్తున్నాం, మీరు తప్పకుండా రావాలి" అన్నాడు.

"శాలువా వద్దండీ. ట్యాగులు కాస్త ఎక్కువ చేయించి, మిగిలినవి నాకివ్వండి. కొత్తగా చేరిన పిల్లలకు చాలడం లేదు" అన్నాను.