పోయినవాడి నంబరుకు వెళ్ళిన ఓటీపీ

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఫీజు సాయం ఉన్నా పేద పిల్లలు కాలేజీ దాకా ఎందుకు చేరలేకపోతున్నారన్నది నా పీహెచ్‌డీ. వాళ్ళను ఆపేది దెయ్యాలు కాదు, వెబ్‌సైట్లు అని జోకులేసేదాన్ని.

ఆ పని మీదే ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి తోటకు వెళ్ళాను. కోతలు ఆఖరుకొచ్చాయి. అక్కడ కూలి చేసే నాగమణి గారి అమ్మాయి దుర్గకు పాలిటెక్నిక్ సీటు వచ్చింది. ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టడానికి నేను వెళ్ళిన రోజే చివరి రోజు. పెట్టకపోతే సీటు వదులుకోవాల్సిందే.

దరఖాస్తు తెరవాలంటే ఓటీపీ కావాలి. అది దుర్గ వాళ్ళ నాన్న నంబరుకు వెళుతుంది. ఆయన పోయి ఏడాది దాటింది. సిమ్ ఆగిపోయింది, ఫోన్ అమ్మేశారు. నంబరు మార్పించుకోవడానికి నూజివీడులో ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తల్లీకూతుళ్ళ చెప్పులు అరిగాయి.

చెట్టు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని హెల్ప్‌లైన్‌కు చేశాను. చాలాసేపు పాట వినిపించి కాల్ కట్టయింది. ఒళ్ళు మండిపోయింది. ఆయన నంబరుకు చేస్తే వాడుకలో లేదన్నారు. కోపం కొద్దీ ‘ఓటీపీ పంపు’ అన్నచోట నొక్కాను.

కాస్త దూరంలో కాయల మీది సొన తుడుస్తున్న నాగమణి గారు తలెత్తారు. “లాభం, ఎనిమిది, నాలుగు, నాలుగు, రెండు, తొమ్మిది,” అన్నారు.

“ఏంటండీ?”

“మా ఆయన లెక్కపెడుతున్నారమ్మా. మీకు వినపడట్లా?”

ఆయన ఆ తోటలోనే కాయలు లెక్కపెట్టేవారట. లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. విసుగ్గానే ఒకటితో మొదలుపెట్టి ఆ అంకెలు కొట్టాను. పేజీ తెరుచుకుంది.

దరఖాస్తు పూర్తయింది. దుర్గ ఏడ్చేసింది.

నాగమణి గారి దగ్గర ఫోనే లేదు. తర్వాత నాకు తెలిసిన ఇంజనీర్లను అడిగితే కాకతాళీయం అన్నారు. ఆ మాట నేను నమ్మలేను, ఇంకో మాట నా దగ్గర లేదు. ఇంతమంది అధికారులు జీతాలు తీసుకుంటుంటే ఆ పిల్ల పని చేసిపెట్టడానికి పోయిన మనిషి రావాలా అని ఇప్పటికీ మండుతుంది.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ మూయబోతుంటే నాగమణి గారు దగ్గరకొచ్చారు.

“అది ఇంకోసారి పంపుతారా అమ్మా?”

“పనైపోయిందండీ, ఇక అక్కర్లేదు.”

“పని కోసం కాదులెండి.”

మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి నొక్కాను. ఓటీపీ పంపామని వచ్చింది. ఆవిడ తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని చెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. కూలీలందరూ ఆటో ఎక్కి పిలుస్తున్నా కదల్లేదు.

చివరికి, “చాల్లెండమ్మా,” అన్నారు.