ఇద్దరు బావలూ ఒక బోల్టూ

మా ఆయన బలవంతుడు. వల లాగడానికి అది వరమే గానీ, పానా పట్టుకుంటే మాత్రం ఇంటిల్లిపాదికీ భయం. బోల్టు కదలకపోతే ఆయనకు దాని మీద కోపం వస్తుంది. కోపం వస్తే బలం వస్తుంది. బలం వస్తే బోల్టు తల ఊడి చేతిలోకి వస్తుంది, మొండెం ఇంజనులో ఉండిపోతుంది.

నౌపడ దాటాక మా ఊరు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పు మడులు. ఆ గాలికి తలుపు గడియలే తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, ఇక రోజూ ఉప్పునీళ్లలో మునిగే పడవ ఇంజను సంగతి వేరే చెప్పాలా. ఒకసారి వేట బాగా సాగుతున్న రోజుల్లోనే ఆయన బోల్టు విరిచారు. ముక్క తీయించడానికి ఇంజను శ్రీకాకుళం వెళ్లింది, పడవ ఒడ్డున పడుకుంది.

ఆ పడవలో మా అన్నయ్యకూ వాటా ఉంది. తర్వాత ఒక పెళ్లి భోజనాల్లో, పప్పు వడ్డిస్తుండగా, అన్నయ్య అన్నాడు: "మా బావకి బోల్టులొద్దు, కొబ్బరికాయలియ్యండి. ఒక్క దెబ్బకి రెండు సెక్కలు." పంక్తి పంక్తంతా నవ్వింది. నేను నవ్వు కనబడకుండా మంచినీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పడవ ఒకటే, వల ఒకటే, మాట మాత్రం లేదు. సముద్రం మీద సైగలతో ఎలా నెట్టుకొచ్చారో వాళ్లకే తెలియాలి.

ఇంజనును చల్లబరిచే నీళ్లు సరిగా రావడం లేదని ఒక ఉదయం దాన్ని మా వాకిట్లోకి తెచ్చారు. లోపలి రబ్బరు చక్రం మార్చాలి. దానికి ముందు మూత తీయాలి. మూత బోల్టుల్లో చివరిది కదల్లేదు. మా ఆయన మెడ నరాలు ఉబ్బడం చూసి నేను చేపల చేట పక్కన పెట్టి లేచాను.

అన్నయ్య నాకేసి తిరిగాడు. "సెల్లీ, మీ ఆయనకి సెప్పు. ఇంకా లాగితే ఇరిగిపోతాది. ముందు కుసింత బిగించి, అప్పుడు ఎనక్కి తిప్పమను."

"ఒసే, మీ అన్నకి సెప్పు. నాకు సెవులున్నాయి."

"ఉంటే మంచిదే. కిరసనాయిలు పోసి నానబెట్టమను."

నానబెట్టారు. ఒకరు అరుగు ఆ చివర, ఒకరు ఈ చివర కూర్చుని టీ తాగారు. తర్వాత సుత్తితో చిన్నగా తట్టి చూశారు. కదల్లేదు. ఇక బోల్టు చుట్టూ వేడి చెయ్యడమే మిగిలింది. అన్నయ్య మంట చిమ్మే బ్లో లాంపు తెచ్చాడు.

"సెల్లీ, నూనె తుడిసీమను. లేపోతే మీసాలు కాలిపోతాయి."

నాకు విసుగొచ్చింది. "కూర మాడిపోతంది. నాను లోపలికెల్తన్నాను. ఏటి సెప్పుకుంటారో మీరే సెప్పుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

వాకిట్లో మంట బుసలు మొదలయ్యాయి. మంట పట్టేది ఒకరు, పానా పట్టేది ఇంకొకరు. నోరు విప్పకపోతే ఎవరిదో ఒకరి చెయ్యి కాలుతుంది. చివరికి మా ఆయన గొంతే వినబడింది.

"బావా, మంట తియ్యి."

"తీసీసేను. ఇప్పుడు తిప్పు. మెల్లగా బావా. వచ్చినంత తిప్పి, మళ్లీ ఎనక్కెల్లు."

"ఎల్తన్నాను కదేటి."

కీచుమని చప్పుడైంది. గరిటెతోనే గుమ్మంలోకి వచ్చాను. మా ఆయన దేన్నైనా అంత ఓపికగా తిప్పడం పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం. కాస్త ఇటు, కాస్త అటు, ఆగి ఒక చుక్క నూనె, మళ్లీ కాస్త. చివరికి బోల్టు తలతో సహా బయటికొచ్చింది, దాని మరల సందుల నిండా తెల్లటి పొడి. దాన్ని అరచేతిలో పెట్టుకుని, పురిటి పిల్లను చూసినట్టు ఇద్దరూ వంగి చూశారు.

భోజనాల దగ్గర అన్నయ్య అది వేడి వల్ల వచ్చిందన్నాడు. మా ఆయన తన చెయ్యి ఒడుపు వల్ల వచ్చిందన్నారు. తగువు ముదిరింది. ఈసారి నన్ను మధ్యలో పెట్టకుండా ఒకరినొకరు నేరుగానే తిట్టుకున్నారు. నేను ఇద్దరికీ ఇంకో చేప ముక్క వేసి ఊరుకున్నాను.